ధూల్‌పేట్‌లో పట్టుకున్న బ్రేకు

హైదరాబాదు వెళ్లొచ్చానని చెప్పగానే మా తెనాలిలో ప్రతివాళ్లూ ఒకటే అడుగుతున్నారు, చార్మినార్ ఎక్కావా అని. ఎక్కలేదు. ఒక సాయంత్రం వాన తెరల వెనక అది లీలగా కనిపించింది, అంతే. నేను చూసొచ్చింది ఒక సందు. ఆ సందులో నా కారు కొన్ని రోజులు కదలకుండా నిలబడిపోయింది. చూడాలనుకున్నవాటికంటే ఆగిపోయిన చోటే ఎక్కువ కనిపించింది కాబట్టి, వెళ్లని వాళ్ల కోసం అదే రాస్తున్నాను.

కారు సంగతి ముందు చెప్పాలి. తెల్లదొరల కాలంలో సముద్రం దాటి వచ్చిన చిన్న నల్ల కారు అది. గుండ్రటి దీపాలు, వెనక్కి తెరుచుకునే తలుపులు. ఒక డాక్టరుగారు దానితో విసిగిపోయి నాకు అమ్మేశారు. ఆడమనిషి కారు నడపడమేమిటని మా వీధిలో కొందరు అప్పట్లో ముక్కున వేలేసుకున్నారు. ఆ వేళ్లు ఇంకా అక్కడే ఉన్నాయి, నేను మాత్రం చాలా దూరం తిరిగాను.

అఫ్జల్‌గంజ్: సాసరులో చాయ్

మూసీ దాటేసరికి తెల్లవారుతోంది. ఆ నదిలో నీళ్లకంటే పొగమంచే ఎక్కువ ప్రవహిస్తున్నట్టుంది. అవతలి ఒడ్డున ఆస్పత్రి గుమ్మటాలు నేలతో సంబంధం లేకుండా గాలిలో తేలుతున్నాయి. నిద్రలో ఉన్న ఊరు తన కలలో నన్ను రానిస్తోందనిపించింది.

అఫ్జల్‌గంజ్‌లో ఒక హోటలు ముందు ఆగాను. మా వైపు కాఫీ గ్లాసును గుప్పిట్లో దాచుకుని తాగుతారు. ఇక్కడ చాయ్‌ని సాసరులో పోసి, అందరికీ కనిపించేలా, ఊదుతూ తాగుతారు. పాలు చిక్కగా మరిగిన ఆ చాయ్ మా ఊరి కాఫీలో సగం ధరే. బల్ల తుడుస్తున్న మనిషి కారును చూసి చూసి దగ్గరికొచ్చాడు.

"అమ్మా, గీ మోటరు మీదేనా? డ్రైవరేడి?"

"నేనే."

"మస్తుగుంది." మళ్లీ కారు వైపు చూసి, "గని ఇది నడుస్తదా, మీరే నడిపిస్తున్నరా?" అన్నాడు.

హోటలంతా నవ్వింది. నేనూ నవ్వాను. తర్కంలో అతని ప్రశ్నకు బలం ఉంది.

కిషన్‌బాగ్: బర్రెలకే దారి

నేను వెళ్లింది సుగుణ ఇంటికి. చిన్నప్పుడు మేమిద్దరం చర్చావేదికల్లో కలిసి మాట్లాడేవాళ్లం. నేను దేవుడు లేడని, ఆమె ఉన్నాడని. సభ అయిపోయాక ఒకే కిళ్లీ కొట్టు దగ్గర ఒకే సోడా పంచుకునేవాళ్లం. ఇప్పుడామె టెలిఫోను ఆఫీసులో పనిచేస్తోంది. ఆదివారాలు చర్చిలో పాడుతుంది. పెళ్లి వల్ల ఈ ఊరు, ఈ ఊరి వల్ల ఈ యాస వచ్చాయి.

"అచ్చినవా? నీ డబ్బా కూడా అచ్చిందా?" అని కావలించుకుంది.

వాళ్ల సందులోకి కారు పట్టలేదు. పక్కింటి యాదగిరికి పాడి ఉంది. ఆయన బర్రెలు ఎదురొస్తే మనుషులే గోడకి అంటుకుని నిలబడాలి. ఆయనే ఉపాయం చెప్పాడు.

"ధూల్‌పేట్ల కమలాబాయి వాకిలి ఉన్నది. నేను ఆడ పాలు పోస్త. విగ్రహాలు బయటికి పోయేదాక జాగ ఖాళీనే. ఫికర్ చెయ్యకుండ్రి అమ్మా."

సుగుణ పకపకా నవ్వింది. "విగ్రహాలు వద్దని పేజీలకు పేజీలు రాస్తవు. నీ బండికి మాత్రం విగ్రహాల వాకిలే దిక్కయింది."

ధూల్‌పేట్: కళ్లు లేనివాళ్ల మధ్య

వినాయక చవితి దగ్గరపడిన రోజులు. ధూల్‌పేట్ సందుల్లో ఇటూ అటూ వెదురు పందిళ్లు, వాటి కింద వరసగా మట్టి గణపతులు. కొందరికి తొండం ఉంది, చేతులు రాలేదు. కొందరికి తెల్ల సున్నం పడింది, రంగు పడలేదు. ఎవరికీ కళ్లు లేవు. కళ్లు చిట్టచివర పెడతారట. తడి మట్టి, గడ్డి, జిగురు కలిసిన వాసన. ఆ గుడ్డి దేవుళ్ల మధ్య నుంచి నా కారు మెల్లగా పోతుంటే, ఎవరో నిద్రపోతున్న గదిలోంచి చెప్పులు విప్పి నడుస్తున్నట్టుంది. నా జీవితంలో విగ్రహాలను చూసి కోపం రాని మొదటి రోజు అదే. చేతులు రాని దేవుడి మీద కోపం ఎలా వస్తుంది?

కమలాబాయి వాకిట్లో అన్నిటికంటే ఎత్తైనది ఉంది. ఆమె నిచ్చెన మీది నుంచే మాట్లాడింది.

"పెట్టుకోండ్రి అమ్మా. గని ఇది ఎల్లేనాడు పొద్దుగాల్నే తియ్యాలె. నా వాకిలికి అదొక్కటే నోరు."

తర్వాత నెమ్మదిగా మిగతాది చెప్పింది. బొమ్మలు చేసేది ఆమె భర్త. పోయిన ఏడు పరంజా మీంచి పడ్డాడు, కుడి చెయ్యి లేవదు. ఈసారి ఇది ఆమె చేసింది.

"ఆడిది చేసిన బొమ్మ మండపంల కూసోవెట్టేది లేదన్నరు కమిటోళ్లు. నెలనెలా దూరముండేదానివి, దేవున్నెట్ల ముట్టుకుంటవన్నరు. నేనన్న, మరి మిమ్ములను కన్నదెవరయ్యా అని. ఆఖరుకు, సరే, ఈ ఒక్కసారి చూస్తమన్నరు. మంచిగ చేరితే వచ్చే ఏడు కూడా నా తానకే వస్తరు. చేరకపోతే ఇంక ఈ వాకిట్లకు ఎవ్వరూ రారు."

నేను వ్యాసాల్లో ఇరవై పేజీలు తీసుకున్న వాదాన్ని ఆమె నిచ్చెన మీద ఒక్క మాటలో తేల్చేసింది.

ఆ వాకిలి వాలుగా ఉంటుంది. కారు జారకుండా యాదగిరి ఒక రాయి తెచ్చాడు. "చక్రం కింద పెట్టమంటరా అమ్మా?" రాయి నిండా ఎర్రగా ఉంది. నాకు ఒళ్లు మండింది. బండికి కూడా కుంకుమ రాయి మొక్కులెందుకు, ఇంజనీర్లు చేతి బ్రేకు పెట్టింది దేనికి, అని అక్కడికక్కడే చిన్న ఉపన్యాసం ఇచ్చాను. యాదగిరి ఓపిగ్గా విన్నాడు.

"అది కుంకుమ గాదమ్మా. గణపతి ధోతికేసిన రంగు."

సందంతా నవ్వింది. అయినా నేను రాయిని పక్కకు తోయించి, రెండు చేతులతో చేతి బ్రేకు లాగి వచ్చాను.

తర్వాత వాన మొదలైంది. పగలు ఏదో రాత్రి ఏదో తెలియని వాన. సుగుణ ఆఫీసుకు వెళ్తే నేను కిటికీ దగ్గర కూర్చుని, బర్రెల వీపుల మీద చినుకులు పడి చితకడం చూస్తూ ఉండిపోయేదాన్ని. సాయంత్రం ఆమె వచ్చాక జొన్నరొట్టె, మిరపకారం, పాత వాదనలు. మా వైపు అన్నం లేకపోతే భోజనం చేసినట్టుండదు. అక్కడ మూడో రోజుకి నేను రొట్టె కోసం ఎదురుచూడటం మొదలుపెట్టాను.

పట్టుకుంది

విగ్రహం వెళ్లే రోజు పొద్దున్నే వాన తెరిపిచ్చింది. నేను వెళ్లేసరికి కమలాబాయి పందిరి కప్పు విప్పేసింది, విప్పకుండా అంత ఎత్తు బొమ్మను బయటికి తేలేరు. రంగులు వేసిన గణపతి ఆకాశం కింద నిలబడి ఉన్నాడు. ఇంకా కళ్లు లేవు. అవి మండపంలో పెడుతుందట. విగ్రహాలు మోసే పది పన్నెండు మంది వెదురు బొంగులతో సిద్ధంగా ఉన్నారు. పండగ రోజుల్లో యాదగిరే వాళ్లకు పెద్ద. రోడ్డు మీద లారీ ఆగి ఉంది. అన్నిటికీ అడ్డంగా నా కారు.

హ్యాండిల్ తిప్పాను, ఇంజను లేచింది. చేతి బ్రేకు దించాను. గేరు వేసి క్లచ్ వదిలితే బండి నడుం వంచి, ఒక మూలుగు మూలిగి ఆగిపోయింది.

"ఏమైందమ్మా?" అన్నాడు యాదగిరి.

"బ్రేకు పట్టుకుంది."

మా వైపు అది మామూలు మాట. మర బిగిసినా, చక్రం ఆగినా పట్టుకుంది అంటాం. ఆ ఊళ్లో అలాంటప్పుడు "జామైంది" అంటారని తర్వాత తెలిసింది. తెలిసేలోపు ఆ మాట అరుగు మీదికి చేరిపోయింది. అక్కడ కమలాబాయి అత్త కూర్చుని ఉంది, వాడవాళ్లందరికీ ఆమె దాదీ, అంటే నాయనమ్మ.

"ఏమైందట?"

"బండికి వట్టుకున్నదట, దాదీ."

"ఎప్పటిసంది?"

"మూడు దినాలాయె, ఆపినకాడికెల్లి."

"అమాస నాడు గద ఆపింది! నేనప్పుడే అనుకున్న." అని లేచి లోపలికి పోయి రెండు నిమ్మకాయలతో వచ్చింది.

నేనప్పటికే కొంగు బిగించి కారు కింద దూరాను. ఇలాంటప్పుడు అనుమానించాల్సినవి రెండే. బ్రేకు మీట నుంచి ఒక్కో వెనక చక్రానికి ఒక్కో తీగ వెళ్తుంది. లాగితే ఆ తీగ, చక్రం డ్రమ్ములో ఉన్న షూలను, అంటే బ్రేకు దిమ్మలను, డ్రమ్ము గోడకి ఒత్తుతుంది. మీట దించినా తీగ బిర్రుగానే ఉంటే దోషం తీగది, తన గొట్టంలోనే తుప్పుపట్టి ఇరుక్కుందన్నమాట. తీగ వదులై కూడా చక్రం తిరగకపోతే, తడికి షూలు డ్రమ్ముకే అతుక్కున్నాయన్నమాట. వేలితో తట్టి చూశాను. కుడి తీగ బిర్రుగా ఉంది. ఎడమది వదులుగా ఉంది. రెండు చక్రాలకు రెండు వేర్వేరు రోగాలు.

బయటికి వచ్చి చూస్తే చెరో చక్రం కింద చెరో నిమ్మకాయ.

"ఇవెందుకు పెట్టారు? నిమ్మకాయకీ తుప్పుకీ ఏమిటి సంబంధం?"

"గదంత నాకెర్క లేదు బిడ్డా," అంది దాదీ. "వట్టుకున్నది ఇడవాలె. ఇడవాల్నా, వద్దా?"

"విడవాలి."

"మరి లొల్లెందుకు?"

వేదికల మీద పండితులను ఎదుర్కొన్నదాన్ని, ఊరుకుంటానా. పరీక్ష పెడదామన్నాను. ఒక చక్రం కింద నిమ్మకాయ ఉంటుంది, ఒకదాని కింద ఉండదు. ఏది తిరుగుతుందో అందరూ చూడండి. దాదీ ఆలోచించి కుడి నిమ్మకాయ తీసి కొంగులో ముడి వేసుకుంది. ఎడమది ఉంచింది.

కుడి తీగ గొట్టంలోకి కిరసనాయిలు పోయించి, పట్టకారుతో ముందుకూ వెనక్కూ లాగాను. కాసేపటికి లోపల ఏదో నిట్టూర్చినట్టయి తీగ జారింది. ఎడమ డ్రమ్ము మీద కమలాబాయి చెక్కసుత్తితో చుట్టూ తట్టాను. లాభం లేదు. జాకీ పెట్టి ఎత్తబోతే అది ఆ మెత్తటి మట్టిలో చల్లగా కూరుకుపోయింది. మళ్లీ గేరు వేశాను. కుడి చక్రం గిర్రున తిరిగి అందరి మీదా బురద చిమ్మింది. ఎడమది కదల్లేదు.

"చూశారా! నిమ్మకాయ లేనిదే తిరిగింది!" అన్నాను కారులోంచి తల బయటపెట్టి.

"అందుకే గద దానికి వెట్టిన," అంది దాదీ తొణక్కుండా. "గట్టిది అటే ఉన్నదని నాకు ముందుగాల్నే ఎర్క."

జనం ఈలలు వేశారు. ఏ సాక్ష్యం ఇచ్చినా దాన్ని తనకే సాక్ష్యంగా మార్చుకునే ఈ పద్ధతి మీద నా దగ్గర పదునైన ఖండన ఉంది. దిగి, చెయ్యెత్తి, మొదలుపెట్టాను కూడా.

"అమ్మా! దాదీ!" కమలాబాయి అరిచింది. "మీ పంచాయితీ రేపు వెట్టుకోండ్రి. మొగులు చూడుండ్రి!"

తలెత్తి చూశాను. గోల్కొండ వైపు నుంచి నల్లటి మబ్బు, తొందరేమీ లేనట్టు, సందు మీదికి వస్తోంది. రోడ్డు మీద లారీ హారను పొడుగ్గా మోగింది. ఇంకో బేరం ఉంది, పోతానని డ్రైవరు అరుస్తున్నాడు. కమలాబాయి భర్త ఎడమ చేత్తోనే ఒక గోనెపట్టా పట్టుకుని విగ్రహం పక్కన నిలబడ్డాడు. అది గణపతి మోకాళ్ల దాకా కూడా రాదు.

ఎత్తిన చెయ్యి దించాను.

మోత

"అమ్మా, ఒక్క మాట," అన్నాడు యాదగిరి. "గింత దేవున్నే మోస్తం. మోటరు మొయ్యమా?"

"మొత్తం ఎత్తొద్దు," అన్నాను. "చేతి బ్రేకు పట్టేది వెనక చక్రాలనే. వెనక భాగం ఎత్తి పట్టుకుంటే ముందు చక్రాల మీద తోపుడు బండిలా పోతుంది. నేను స్టీరింగు పడతాను."

అతని ముఖం వెలిగింది. "సగం బరువే!"

బొంగులు వెనక ఇరుసు కింద దూర్చారు. అటు ఆరుగురు, ఇటు ఆరుగురు. నోళ్లు తెరవబోతున్నారు. వాళ్లేమనబోతున్నారో నాకు తెలుసు.

"ఒకటి, రెండు, మూడు అంటే సరిపోదా?" అన్నాను.

పాపం, నా మాట కాదనలేకపోయారు. ఒకటి. రెండు. మూడు. కొందరు మూడు మీద ఎత్తారు, కొందరు మూడు అయ్యాక ఎత్తారు, ఒకాయన రెండు మీదే ఎత్తేశాడు. బండి ఒక మూలకు ఒరిగి దబ్బున కింద పడింది. నా పళ్లు కొట్టుకున్నాయి.

"మాకు గట్ల రాదమ్మా," అన్నాడు యాదగిరి చేతులు తుడుచుకుంటూ. "ఇన్నేండ్ల సంది ఒక్క తీర్గనే లేపినం."

మబ్బు పందిళ్ల దాకా వచ్చేసింది. పన్నెండు మంది ఊపిరి ఒక్కసారే పీల్చి ఒక్కసారే వదలడానికి ఏ మాట కావాలన్నది నమ్మకాల సమస్య కాదు, కండరాల సమస్య.

"మీ అలవాటు ప్రకారమే కానివ్వండి," అన్నాను.

"గణపతి బప్పా..."

"మోరియా!"

'మో' అన్న అక్షరం మీద నా కారు వెనక భాగం నేల విడిచింది. ఒక్క కుదుపు లేదు. స్టీరింగు పట్టుకుని ముందుకు ఒరిగి కూర్చున్నాను. అద్దంలో నా వెనక పన్నెండు చెమట ముఖాలు. రెండు వైపులా కళ్లు లేని గణపతులు ఆ మసక వెలుతురులో చప్పుడు చేయకుండా వెనక్కి జరుగుతున్నారు. పక్కింటి మేడ మీంచి ఎవరో పిడికెడు బంతిరేకులు విసిరారు. అవి ముందు అద్దం మీద పడి అంటుకున్నాయి. ఇన్నేళ్లుగా ఊరేగింపులను తిట్టిన మనిషి మేళం లేని ఊరేగింపులో తానే విగ్రహమై పోతోంది. నవ్వాలా, దిగి పారిపోవాలా తెలియలేదు. నిజం చెప్పాలంటే, దిగాలనిపించలేదు. పడవలో ఉన్నట్టుంది.

సందు పక్క ఖాళీలో నన్ను దించి వాళ్లు పరుగెత్తారు. మళ్లీ అదే కేక. ఈసారి అసలాయన వచ్చాడు. ఎర్రధోతి, నున్నటి బొజ్జ, కళ్లు ఉండాల్సిన చోట తెల్లటి నునుపు. నా కిటికీ పక్క నుంచి అంత పెద్ద ముఖం మెల్లగా జరిగిపోయింది. వెనక కమలాబాయి రంగు డబ్బాలు చంకన పెట్టుకుని పరుగు. మొదటి చినుకు పడేసరికి లారీ మీద టార్పాలిన్ పరిచారు. రెండో చినుకుకు లారీ కదిలింది. తర్వాత వాన ఆగమేఘాల మీద దిగి సందునంతా చెరిపేసింది.

వాన జోరులో నేను కారులోనే ఉండిపోయాను. చాలాసేపటికి ఒక వింత గమనించాను. పక్కనున్న గోడ కదులుతోంది. కాదు, నేనే కదులుతున్నాను. వాలులో బండి తనంతట తాను, నీళ్ల మీద ఆకులా జారి, అరుగు రాయికి ఆని ఆగింది. ఎడమ చక్రం పట్టు విడిచింది. దబ్బున పడ్డప్పుడే అతుకు ఊడి ఉంటుంది. అంటే విడిపించింది నా ఒకటీ రెండూ మూడే! లేక వాళ్లు దించినప్పటి అదురేమో. తేల్చి చెప్పడానికి మళ్లీ పరీక్ష పెట్టాలి.

దాదీ అరుగు మీంచి అంతా చూస్తోంది. "ఇడిసిందా?"

"విడిచింది. కానీ..."

"చాలు," అంది. బురదలోంచి ఎడమ నిమ్మకాయ తీయించి మూడు బాటల కాడ పారేసి రమ్మంది. కొంగు ముడి విప్పి రెండోది తీసింది. "ఇది వట్టిది. దీనితోని ఏం పని కాలే. షర్బత్ జేస్త, తాగి పో."

నా పరీక్షలో నిమ్మకాయ లేని చక్రం తాలూకు నిమ్మకాయ అది. చక్కెర ఎక్కువగా వేసింది. తాగాను.

రాయి

మర్నాడు తిరుగు ప్రయాణం. సుగుణ జొన్నరొట్టెలు మూట కట్టి, "ఈసారి దేవుడున్నడని రాయి," అంది. "నువ్వు లేడని పాడు," అన్నాను. యాదగిరి కారులో ఆ ఎర్రరాయి పడేశాడు.

మండపం నా దారిలోనే, ఒక ఎత్తు మీద ఉంది. కారు ఆపి లోపలికి వెళ్లాను. కమలాబాయి నిచ్చెన మీద ఉంది. రాత్రి కరెంటు పోయిందట, ఎడమ కన్ను ఇప్పుడు పెడుతోంది. కమిటీ మనుషులు కింద చేతులు కట్టుకుని నిలబడి ఉన్నారు. ఆమె ఊపిరి బిగబట్టి నల్లటి చుక్క పెట్టి, కుంచె వెనక్కి తీసింది. బొమ్మ చూడటం మొదలుపెట్టింది. నేను దండం పెట్టలేదు. కానీ అందరికంటే ఎక్కువసేపు నేనే చూశాను.

"వచ్చే ఏడు ఇంకొంచెం ఎత్తు జెయ్యమ్మా," అన్నాడు కమిటీ పెద్ద.

ఆమె కుంచె కడుగుతూ, నన్ను చూసి, "బండి ఏడ ఆపిన్రు అమ్మా? బిరేకు గుంజలే గద?" అంది.

"లేదు. రాయి పెట్టాను."

బయటికి వచ్చేసరికి నా కారు వెనక ఒక ముసలాయన చెప్పులు విప్పి నిలబడి ఉన్నాడు. వంగి, చక్రం కింది ఎర్రరాయిని తాకి, ఆ చేతిని కళ్లకద్దుకున్నాడు.

"అయ్యో, అది రాయండీ!" అని అరిచాను పరుగెత్తుతూ.

ఆయన చెప్పులు తొడుక్కుంటూ నన్ను జాలిగా చూశాడు.

"రాయే గదమ్మా," అన్నాడు. "ఇంకేమనుకున్నవు?"